కొత్త ఇంట్లో కట్టెల ఫైర్‌ప్లేస్: కోరాపుట్ కొండల మీద ఇల్లు కట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగూడలో ఇల్లు కట్టుకున్నప్పుడు హాల్లో కట్టెల ఫైర్‌ప్లేస్ పెట్టించాం. మొదట తప్పుగా పెట్టించాం, డబ్బు పోయాక సరిచేయించాం. అప్పటినుంచి సునాబేడ, కోరాపుట్, పొట్టంగి వైపు ఇల్లు మొదలుపెట్టిన మన తెలుగువాళ్ళు ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. నేను ఇంజినీర్ని కాను. పొగ మింగి నేర్చుకున్నవాణ్ణి.

ఒక్క మాట ముందే. ఇప్పుడు చిమ్నీ అంటే అందరికీ వంటింట్లో స్టవ్ మీద బిగించే మిషనే గుర్తొస్తోంది. ఆ గందరగోళం లేకుండా ఇటుకలతో కట్టినదాన్నీ, స్టీలు పైపునూ కూడా ఇక్కడ పొగగొట్టం అనే అంటాను.

అసలు మన దగ్గర ఫైర్‌ప్లేస్ అవసరమా?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి వచ్చినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. పొట్టంగి, సెమిలిగూడ, కోరాపుట్ ఉన్న ఈ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లు, మాకు పక్కనే. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగే రోజులు మామూలే. స్లాబు ఇల్లు, టైల్స్ నేల, సరిగ్గా మూసుకోని కిటికీలు. రాత్రి తొమ్మిదయ్యేసరికి నేల మీద కాలు పెట్టలేం.

అయితే ఆ చలి రెండు నెలలు, మహా అయితే రెండున్నర. మిగతా తొమ్మిదిన్నర నెలలు అది గోడలో ఖాళీగా ఉండే ఒక కన్నం, వానాకాలంలో నీళ్ళు కారే కన్నం. ఈ లెక్క ఒప్పుకుంటేనే ముందుకెళ్ళండి.

మాది బరంపురం. మేమూ పెట్టించుకోవచ్చా?

వద్దు. బరంపురానికైనా పర్లాకిమిడికైనా శాలువా చాలు. జయపురం ఘాట్ దిగాక కూడా చలి చాలా తగ్గిపోతుంది. కొండ మీది దారింగబాడి వైపు ఇల్లు ఉంటే మాత్రం ఇక్కడి మాటలన్నీ మీకూ పనికొస్తాయి.

గోడలో తెరిచి ఉండే ఫైర్‌ప్లేసా, అద్దం తలుపు ఉన్న ఇనుప పొయ్యా?

ఫోటోల్లో అందంగా కనిపించేది మొదటిది. వేడి ఇచ్చేది రెండోది.

తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్‌లో మంట గదిలోని గాలిని లాక్కుని పొగగొట్టంలోంచి పైకి పంపుతుంది. ఆ గాలితో పాటు వేడి కూడా పోతుంది. కట్టెలో ఉన్న వేడిలో గదికి దక్కేది 10 నుంచి 15 శాతం. పైగా అలా పోయిన గాలి స్థానంలోకి కిటికీ సందుల్లోంచి చల్లగాలి దూరుతుంది. అందుకే ముఖం మాడిపోతూ వీపు వణుకుతూ ఉంటుంది. తలుపు మూసుకునే ఇనుప పొయ్యిలో గాలి ఎంత లోపలికి వెళ్ళాలో మనమే తిప్పి సరిచేస్తాం. మంచివాటిలో 65 నుంచి 80 శాతం వేడి గదిలోనే మిగులుతుంది.

కట్టెల్లో లెక్క కట్టి చూడండి. బాగా ఎండిన కట్టె కిలోకి, కరెంటు భాషలో చెప్పాలంటే, దాదాపు 4 యూనిట్ల వేడి ఉంటుంది. సాయంత్రం నాలుగు గంటలపాటు హాలు వెచ్చగా ఉండటానికి 16 యూనిట్లు కావాలనుకుందాం. 75 శాతం ఇచ్చే ఇనుప పొయ్యికి ఐదున్నర కిలోల కట్టెలు చాలు. 15 శాతం ఇచ్చే గోడపొయ్యికి 26 కిలోలు దాటుతుంది. అరవై సాయంత్రాలకు ఒకదానికి 320 కిలోలు, ఇంకోదానికి టన్నున్నర పైన. ఆ టన్నున్నర చీల్చేది, ఎండబెట్టేది, మోసేది ఎవరో ముందు ఇంట్లో తేల్చుకోండి.

నా ఓటు ఇనుప పొయ్యికే. ఎదురుగా కూర్చుని మంట చూడాలన్న సరదా ఉంటే అద్దంలోంచి కనిపిస్తుంది కదా.

అన్నిటికన్నా ముందు ఏం నిర్ణయించాలి?

పొగగొట్టం. అందరూ పాలరాయి ఏ రంగు, పైన ఫోటోలు పెట్టుకునే చెక్క ఎలా ఉండాలి అని మొదలుపెడతారు. పొగగొట్టం ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత ఎత్తుకి వెళ్తుందో తేలితే పొయ్యి ఎక్కడ ఉండాలో దానంతటదే తేలుతుంది. మేం తిరగేసి చేశాం.

మా తాపీమేస్త్రి మంచి పనివాడే కానీ ఫైర్‌ప్లేస్ ఎప్పుడూ కట్టలేదు. పొగగొట్టాన్ని పడమటి వైపు బయటి గోడకి ఆనించి లేపి, పిట్టగోడకి రెండడుగుల పైన ఆపేశాడు. దానికి నాలుగడుగుల దూరంలో డాబా మీదికి వచ్చే మెట్ల గది ఉంది, ఏడడుగుల ఎత్తు. గాలి ఆ గోడకి కొట్టుకుని సరిగ్గా మా గొట్టం నోట్లోకే దిగేది. ఇదంతా మాకు అప్పుడు తెలియదు.

భోగి రోజు తెల్లవారుజామున వాకిట్లో మంట వేశాం. సాయంత్రం హాల్లో మొదటిసారి అంటించాం. చుట్టాలంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రెండు నిమిషాలు బాగానే ఉంది. తరవాత పొగ కిందికి దిగి, పొయ్యి పై అంచు దగ్గర పెదవి మడిచినట్టు ఒక్కసారి ఆగి, గదిలోకి దొర్లింది. పది నిమిషాల్లో కొత్త సీలింగ్ మీద చేతి వెడల్పున పొగచూరు. మా అత్తగారు శాలువా కప్పుకుని బయటికి నడిచి, పొద్దుటి భోగి మంటలో మిగిలిన నిప్పులు కర్రతో ఎగదోసుకుని అక్కడే కూర్చున్నారు. "ఇదేదో ముందే ఉంది కదా బాబూ" అన్నారు.

పొగగొట్టం ఎంత ఎత్తు ఉండాలి?

రెండు కొలతలు చూడాలి. గొట్టం పైకప్పులోంచి బయటికి వచ్చిన చోటినుంచి కనీసం 3 అడుగులు లేవాలి. దాని చుట్టూ 10 అడుగుల లోపల ఏది ఉన్నా, మెట్ల గది కానీ నీళ్ళ ట్యాంకు కానీ, దానికన్నా 2 అడుగులు పైన ఉండాలి. మా మెట్ల గది 7 అడుగులు కాబట్టి మా గొట్టం డాబా మీదినుంచి 9 అడుగులు ఉండాల్సింది. తరవాత అంత ఎత్తుకీ లేపించాం. పొయ్యి నుంచి గొట్టం చివరిదాకా మొత్తం 15 అడుగులకి తగ్గకపోతే మంచిది. అంతకన్నా పొట్టిదైతే లాగుడు చాలదు.

ఎత్తు పెరిగినకొద్దీ గాలికి పట్టు కావాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి ఇటువైపు ఎలా వచ్చిందో చూసినవాళ్ళం. స్టీలు పైపు డాబా మీద ఐదడుగులు దాటితే మూడు వైపుల తీగలతోనో రాడ్లతోనో లాగి కట్టించండి.

పొగగొట్టం ఇంటి లోపలినుంచా, బయటి గోడకా?

వీలైతే లోపలినుంచి. పొగని పైకి లాగేది గొట్టంలోని వేడే. బయట చలిలో ఉన్న గొట్టం త్వరగా చల్లబడుతుంది. లాగుడు తగ్గుతుంది, నల్లటి జిగురు మసి ఎక్కువ పడుతుంది. లోపలినుంచి వెళ్ళే గొట్టం పై అంతస్తు గదికి కూడా కాస్త వెచ్చదనం ఇస్తుంది. బయట తప్పదంటే రెండు పొరల మధ్య ఇన్సులేషన్ ఉన్న స్టీలు పైపు వాడండి.

స్లాబు వేసే ముందు ఏం చేయాలి?

కన్నం వదలాలి. ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు. స్లాబు వేశాక కోర్ కట్టింగ్ మిషన్ తెచ్చి కన్నం పెట్టిస్తే లోపలి ఇనుప చువ్వలు తెగుతాయి. ముందే చెబితే రాడ్‌బెండింగ్ వాళ్ళు కన్నం చుట్టూ అదనపు చువ్వలు కట్టి వదులుతారు. అడుగు చదరం కన్నం మామూలు పైపుకి సరిపోతుంది. అది బీము మీదికి రాకుండా ప్లాన్‌లో చూసుకోండి.

పైపుకీ కాంక్రీటుకీ మధ్య ఖాళీని సిమెంటుతో నింపనివ్వకండి. పైపు వేడికి సాగుతుంది, సిమెంటు పగులుతుంది, జూన్‌లో మొదటి వానకే నీళ్ళు దిగుతాయి. ఆ ఖాళీలో నిప్పంటుకోని, దూదిలాంటి రాక్‌వూల్ కూరి, పైన రేకు గొడుగు, దాని చుట్టూ వేడికి ఆగే సీలెంట్ పెట్టించాలి.

ఇటుకల ఫైర్‌ప్లేస్ అయితే పునాది కూడా విడిగా కావాలి. ఒక్కో ఇటుక మూడు కిలోలు అనుకుంటే వెయ్యి ఇటుకలకే మూడు టన్నులు. అది నేలమీదినుంచే లేవాలి. మొదటి అంతస్తు స్లాబు మీద కట్టిస్తానంటే ఒప్పుకోకండి.

రేకుల ఇల్లు, చెక్క దూలాలు. ఏమైనా తేడా ఉందా?

చాలా ఉంది. ఒంటి పొర పైపు అయితే చెక్కకి 18 అంగుళాల దూరం ఉండాలి. ఇన్సులేషన్ పైపు అయితే కంపెనీ రాసినంత దూరం, సాధారణంగా 2 అంగుళాలు. ఇనుప పొయ్యి చుట్టూ సోఫా, కర్టెన్, చెక్క బీరువా ఏదైనా 3 అడుగుల అవతలే. చెక్కకి వెంటనే మంట అంటుకోకపోవచ్చు. ఏళ్ళ తరబడి వేడి తగిలి ఎండిన చెక్క మాత్రం ఒక రోజు తక్కువ వేడికే అంటుకుంటుంది.

అయినా నాకు గోడలో తెరిచి ఉండే ఫైర్‌ప్లేసే కావాలి. కొలతలు చెప్పండి.

సరే. నోరు చిన్నదిగా పెట్టండి. 30 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తు మన హాళ్ళకి ఎక్కువే. ఆ నోటి వైశాల్యంలో పదో వంతు పొగగొట్టం లోపలి ఖాళీ ఉండాలి. 810 చదరపు అంగుళాలకి 81, అంటే 9 అంగుళాల చదరం. గుండ్రటిదైతే పన్నెండో వంతు చాలు, ఎందుకంటే మూలల్లో పొగ చిక్కుకోదు. ఇంటర్నెట్లో చూసి ఐదడుగుల నోరు పెట్టి, పైన 9 అంగుళాల గొట్టమే ఉంచినవాళ్ళ ఇంట్లో పొగ తప్ప ఇంకేం ఉండదు.

లోతు ఎక్కువ వద్దు. మన మేస్త్రులు మూరెడు లోతు తవ్వేసి బాగుందంటారు, మంట లోపలెక్కడో ఉండి గోడకే వేడి ఇస్తుంది. 14 నుంచి 16 అంగుళాలు చాలు. పక్కగోడలు సూటిగా కాకుండా గదివైపు విచ్చుకున్నట్టు ఏటవాలుగా కట్టాలి. ఈ కిటుకు కొత్తదేం కాదు. కౌంట్ రమ్‌ఫర్డ్ అనే ఆయన 1790లలో లండన్ ఇళ్ళ పొయ్యిలకి ఇదే చేశాడు. లోతు తగ్గించి, పక్కలు విప్పి, పొగ వెళ్ళే గొంతుని ఇరుకు చేశాడు. మంటకి కనిపించే గోడ ఎంత ఎక్కువైతే అంత వేడి గదిలోకి తిరిగి వస్తుంది.

ముందువైపు నేల మీద 16 అంగుళాలు, పక్కలకి 8 అంగుళాల చొప్పున రాయో టైలో ఉండాలి. నిప్పురవ్వలు ఎగిరేది అక్కడికే.

మామూలు ఇటుక, సిమెంటు సరిపోవా?

బయటికి సరిపోతాయి. మంట తగిలే చోట కాదు. సిమెంటు మోర్టార్ ఎక్కువ వేడికి లోపలి తేమ పోగొట్టుకుని పొడిపొడిగా రాలుతుంది. మాకు రెండో వారానికే జాయింట్లు రాలడం మొదలైంది. మంట తగిలే అడుగు, వెనక, పక్కలు ఎక్కువ వేడికి ఆగే ఫైర్ బ్రిక్‌తో, ఫైర్ క్లే మోర్టార్‌తో కట్టించండి. జాయింట్ సన్నగా ఉండాలి. ఫైర్ బ్రిక్ కొలత 9 అంగుళాలు, నాలుగున్నర, మూడు. ఇక్కడ దొరకకపోతే విశాఖనుంచి లారీలో తెప్పించుకోవచ్చు, వందో నూటయాభయ్యో చాలు. మంట దగ్గర గ్రానైట్ వాడొద్దు. వేడికి పెచ్చులు ఎగిరిపడతాయి.

వాస్తు ప్రకారం ఎక్కడ?

ఈ ఫోన్ రాని వారం లేదు. అగ్ని కాబట్టి ఆగ్నేయం అంటారు. కానీ ఇంటికి ఆగ్నేయంలో వంటగది ముందే ఉంటుంది. చాలామంది హాలు వరకు తీసుకుని హాలుకి ఆగ్నేయ మూల పెట్టుకుంటున్నారు, పంతుళ్ళూ ఒప్పుకుంటున్నారు. నాకు ఇందులో పట్టింపు లేదు. పంతులు చూపించిన మూలకి పైన బీము ఉందా, డాబా మీద దగ్గర్లో ట్యాంకు ఉందా అన్నది మాత్రం చూసుకోండి. ఉంటే పంతుల్నే ఇంకో మూల అడగండి. వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఇంకో మూల ఉంటుంది.

ఇనుప పొయ్యి ఎంత పెద్దది కొనాలి?

చలిదేశాల్లో మోటు లెక్క ఒకటుంది: గది ఘనపరిమాణం 14 ఘనపు మీటర్లకి ఒక కిలోవాట్. మన 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు హాలు 63 ఘనపు మీటర్లు. అంటే నాలుగున్నర కిలోవాట్లు. మనకి అక్కడంత చలి లేదు, కానీ మన గోడల్లో ఇన్సులేషన్ కూడా లేదు. కాబట్టి 5 కిలోవాట్ల పొయ్యి ఈ హాలుకి ధారాళం. షాపువాడు 10 కిలోవాట్లది చూపించి "ఇంకాస్త వేస్తే సరిపోద్ది సార్" అంటాడు. పెద్ద పొయ్యిని గాలి తగ్గించి మగ్గబెట్టాల్సి వస్తుంది. మగ్గిన మంట అద్దం నల్లగా చేస్తుంది, గొట్టంలో జిగురు పట్టిస్తుంది. చిన్నది కొని బాగా మండనివ్వండి. బడ్జెట్ వేసేటప్పుడు పొయ్యి ధరే చూడకండి. మంచి పైపు, మలుపులు, గొడుగు అన్నీ కలిపితే చాలాసార్లు పొయ్యి కంటే ఎక్కువవుతుంది.

మంట వేస్తే వంటగదినుంచి ఏమైనా ఇబ్బందా?

మాకు రెండో పాఠం ఇదే. గొట్టం ఎత్తు సరిచేశాక కూడా ఒక్కోరోజు పొగ వెనక్కి వచ్చేది. కారణం వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్. పోపు వేసినప్పుడల్లా అది ఇంట్లో గాలిని బయటికి తోసేస్తుంది, ఆ లోటు తీరడానికి ఇల్లు పొగగొట్టంలోంచి గాలి పీల్చుకుంటుంది. మంట ఉన్నప్పుడు హాల్లో ఒక కిటికీ వేలెడు సందు తెరిచి ఉంచండి, లేదా కట్టేటప్పుడే పొయ్యి వెనక బయటినుంచి గాలి వచ్చే చిన్న పైపు పెట్టించండి. చివరికి మేం ఆ గోడనోట్లోనే ఇనుప పొయ్యి కూర్చోబెట్టి, ఇటుక గొట్టం లోపలినుంచి స్టీలు పైపు దింపించాం. అప్పటికి గానీ అత్తగారు లోపలికి రాలేదు.

ఏ కట్టెలు మంచివి?

జాతికన్నా ఎండు ముఖ్యం. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరి కావడానికే మంట తన వేడి ఖర్చు పెట్టుకుంటుంది. తేమ 20 శాతం కన్నా తగ్గాలి. ఇక్కడి వానల్ని బట్టి నేను చేసేది ఇది: జనవరి, ఫిబ్రవరిలో కొని చీల్పిస్తాను, ఎండాకాలమంతా ఎండలో పేర్చి ఉంచుతాను, జూన్‌కి ముందు పైన రేకు కప్పి పక్కలు గాలికి వదిలేస్తాను. టార్పాలిన్‌తో మొత్తం చుట్టేస్తే బూజు పడుతుంది. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవైతే ఖణేల్‌మంటాయి, పచ్చివైతే దబ్‌మంటాయి.

సరుగుడు, తుమ్మ, చింత గట్టివి, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. చింత చీల్చడానికి గొడ్డలి పట్టినవాడికి కూలి కాస్త ఎక్కువివ్వాలి. నీలగిరి బాగా మండుతుంది కానీ పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోవాలి, ఎండితే మెలిపడుతుంది. కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ కొమ్మలు మాకు దొరుకుతాయి. త్వరగా కాలిపోతాయి, అంటించడానికి బావుంటాయి. గన్నేరు కొమ్మలు వేయకూడదు, దాని పొగ కూడా విషమే. పెయింటు వేసిన తలుపు ముక్కలు, ప్లైవుడ్, సెంట్రింగ్ చెక్క కూడా వద్దు. ఇల్లు కట్టాక అవే ఎక్కువ మిగులుతాయి, అందుకే చెబుతున్నాను.

అడవి కట్టె సంగతి. ఒడిశాలో కలప, అటవీ ఉత్పత్తుల రవాణాకి 1980 నాటి నిబంధనలు ఉన్నాయి. సొంత తోటలోవైనా ట్రాక్టర్ మీద తెచ్చే ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగి కాగితం ఉంచుకోండి. సాలూరు వైపునుంచి తెస్తే రెండు రాష్ట్రాల చెక్‌పోస్టులు.

ఇంత ఖర్చెందుకు, కుంపటి పెట్టుకుంటే పోదా?

వాకిట్లో పెట్టుకోండి, పెరట్లో పెట్టుకోండి. తలుపులు వేసిన గదిలో మాత్రం వద్దు. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నప్పుడే ఎక్కువ మోసం చేస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, నిద్ర. ఆ నిద్రలోంచి లేవనివాళ్ళ వార్త ప్రతి చలికాలం ఏదో ఒక కొండ ఊరినుంచి పేపర్లో వస్తుంది. "మా అమ్మమ్మ రోజూ పెట్టుకునేది" అంటారు. అమ్మమ్మ ఇంటికి పెంకుల సందుల్లోంచి నక్షత్రాలు కనిపించేవి. మన స్లాబు ఇంటికి ఆ సందులు లేవు.

ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్ళు కూడా బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని హాల్లో పెట్టండి. నిప్పులు పూర్తిగా ఆరకుండా పొగగొట్టం మూత వేసేసి పడుకోకండి.

ఎన్నాళ్ళకోసారి శుభ్రం చేయాలి?

ఏడాదికోసారి, చలికాలానికి ముందు, అక్టోబరులో. గొట్టం సైజుకి సరిపోయే బ్రష్, పొడవాటి రాడ్లు ఉంటే మనిషి డాబా మీదినుంచి దింపి తీయొచ్చు. లోపల అంగుళంలో ఎనిమిదో వంతు మందం మసి పట్టిందంటే ఆలస్యం చేయకూడదు. నిగనిగలాడే తారులాంటి పొర గనక ఉంటే దానికే నిప్పంటుకుంటుంది. గొట్టంలో రైలు ఇంజిన్ చప్పుడులా గర్జన వస్తే తలుపు, గాలి దారులు మూసేసి అందర్నీ బయటికి పంపి ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయడమే.

పైన గొడుగుకి మెష్ పెట్టించండి. తొమ్మిది నెలలు ఖాళీగా ఉండే గొట్టంలో గువ్వలు, కందిరీగలు కాపురం పెట్టేస్తాయి. మా పక్కింట్లో మొదటి మంటకి గూడు మొత్తం పొయ్యిలోకి ఊడిపడింది.

దాని మీద వంట చేయొచ్చా?

ఇనుప పొయ్యి పైభాగం బల్లపరుపుగా ఉంటే కెటిల్ పెడితే నీళ్ళు కాగుతాయి, చోడి అంబలి వెచ్చగా ఉంటుంది. నిప్పుల్లో చిలగడదుంపలు పెడితే పిల్లలు అక్కడే కూర్చుంటారు. వాళ్ళ కోసం ముందు ఇనుప జాలీ గార్డు తప్పనిసరి. ఇనుప పొయ్యి ఒళ్ళంతా కాలుతుంది, అద్దం కూడా.

బూడిద ఏం చేయాలి?

మూత ఉన్న ఇనుప బకెట్లోకి ఎత్తండి. ప్లాస్టిక్ టబ్బులోకి వద్దు, పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. ఆ బకెట్‌ని డాబా మీదో రాతి అరుగు మీదో పెట్టండి. బాగా చల్లారాక జల్లించి పెరటి మొక్కలకి కొద్దిగా చల్లొచ్చు. ఇక్కడి ఎర్రనేలలు పులుపు నేలలు, బూడిదకి క్షారగుణం కాబట్టి సరిపోతుంది. కాఫీ మొక్కల మొదట్లో మాత్రం పోయకండి, వాటికి ఆ పులుపే ఇష్టం. మిగిలినది మా పనమ్మాయి ఇత్తడి చెంబులు తోమడానికి డబ్బాలో పోసి పట్టుకెళ్తుంది.